కాళ్ళకు నీళ్ళు

మా అన్నయ్య మనవరాలు ఒకతె ఇప్పుడు టాంజానియాలో ఒక పల్లెటూళ్ళో ఉంది. డబ్బు సంపాదించడానికి వెళ్ళలేదు. రెండేళ్ళపాటు జీతం లేకుండా బళ్ళో లెక్కలు చెబుతానని, ఉన్న ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వెళ్ళింది. ఇంట్లో తలా ఒక మాట అన్నారు. "లెక్కలు రాని పిల్లలు బెజవాడలో లేరా?" అన్నాడు వాళ్ళ నాన్న. మా ఆవిడకు మాత్రం సందేహం ఒక్కటే, ఆ పిల్ల అక్కడ ఏం తింటోంది అని. మొక్కజొన్న పిండిని సంకటిలాగా కెలికి వండుతారట, దాన్ని ఉగాలి అంటారట అని చెబితే, "సంకటి అయితే ఫరవాలేదులెండి" అని ఊరట చెందింది.

ఆ పిల్ల ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది.

"చిన్నతాతయ్యా, పెద్ద చిక్కొచ్చి పడింది," అంది.

చిక్కు ఏమిటంటే, తనతో కాలేజీలో చదువుకున్న ముగ్గురు స్నేహితులు సెలవులు పెట్టుకుని వస్తున్నారట. ముందు సింహాలనీ ఏనుగులనీ చూసి, ఆ తర్వాత మా పిల్లను చూడడానికి పల్లెకు వచ్చి ఒక వారం ఉంటారట. తనకున్నది ఒక్క గది. మంచినీళ్ళు ఊరి ఆడవాళ్ళు బకెట్లు నెత్తిన పెట్టుకుని అరగంట నడిచి తెచ్చుకుంటారు. తనకు కావలసిన బకెట్టు కూడా పక్కింటావిడే తెస్తుంది. వద్దన్నా వినదు. ఇప్పుడు స్నేహితులు వస్తున్నారన్న కబురు విని, ఆవిడ తన నాలుగు కోళ్ళలో ఒకదాన్ని చూపించి, "ఇది వాళ్ళకి" అని అప్పుడే పేరు పెట్టేసింది.

"రావద్దని వాళ్ళతో అనలేను. రమ్మనడానికి సిగ్గుగా ఉంది. ఏం చెయ్యమంటావు?" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. పెద్దవాళ్ళకు ఇదొక సదుపాయం. నిజానికి ఆలోచించవలసింది కొత్తగా ఏమీ లేదు. ఆ ప్రశ్న నాకు 1977 డిసెంబరు నుంచీ తెలుసు. అప్పట్లో నేను దానికి తప్పు జవాబు రాశాను. అంతే.

ఆ ఏడాది నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. అప్పటివాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తర్వాత పుట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న లంకనేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి అన్నీ అందులోవే. ఆనాడు తుఫానుతో లేచిన సముద్రం తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని చూసి బతికినవాళ్ళు చెప్పుకున్నారు. కొలిచి చెప్పినవాళ్ళు ఐదారు మీటర్లన్నారు. మనిషిని ముంచడానికి అందులో మూడో వంతు చాలు కదా. పోయినవాళ్ళు 10,000 మంది అని ఒక లెక్క, అంతకన్నా ఎక్కువని మరో లెక్క. పశువులకు లెక్కే లేదు.

రాష్ట్రం మొత్తం కదిలింది. రామారావుగారూ నాగేశ్వరరావుగారూ జోలె పట్టి విరాళాలకు తిరిగారు. అవనిగడ్డ ప్రాంతపు మనిషే అయిన మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు ఆ నేలనే అంటిపెట్టుకుని పనిచేశారు. రామకృష్ణ మిషన్ స్వాములు వచ్చారు. విజయవాడ పటమట నుంచి నాస్తిక కేంద్రం వాళ్ళు వచ్చారు. దేవుడున్నాడనేవాళ్ళూ లేడనేవాళ్ళూ ఒకే బురదలో నడిచిన రోజులవి. అప్పటికి నేను డిగ్రీ పాసై, ఉద్యోగం లేక, సాయంత్రాలు బీసెంటు రోడ్డు కొలుస్తూ ఉండేవాణ్ణి. ఒక చిన్న సేవాసంఘం వాళ్ళతో కలిసి నేనూ లారీ ఎక్కాను. వారం రోజులని వెళ్ళినవాణ్ణి ఐదు నెలలు ఉన్నాను.

నన్ను వేసింది నాగాయలంకకు దిగువన ఒక పల్లెకు. పాకలు వెయ్యడానికి సాయం చెయ్యడం, బియ్యం పంచిన చిట్టా రాయడం, పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం నా పని. నా మకాం ఒక మామ్మగారి పాక పక్కన తాటాకుల చావడిలో. ఉప్పెనకు ముందు ఆవిడ ఇంట్లో ఏడుగురు. తర్వాత ఇద్దరే, ఆవిడా ఆరేళ్ళ మనవడూ.

ఆ ఊళ్ళో బియ్యానికి లోటు లేదు. సాయం లారీల మీద వస్తూనే ఉండేది. లోటల్లా నీళ్ళకే. బావుల్లోకి, చెరువుల్లోకి సముద్రం దూరింది. ఉప్పు ఒక్కటే అయితే అదో తీరు. అందులో ఇంకేమేం కుళ్ళాయో చెప్పుకోకుండా ఉంటేనే మంచిది. మంచినీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. ఇంటికి రెండు బిందెలు. ట్యాంకరు ఒక్కో రోజు రాదు. ఆ రెండు బిందెలే తాగడానికీ, వండడానికీ, జ్వరం వచ్చినవాడి నుదుటి మీద గుడ్డ వెయ్యడానికీ.

డిసెంబరులో ఒక ఆదివారం, చెప్పా పెట్టకుండా నా స్నేహితులు నలుగురు దిగారు. పొద్దున్నే బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, నాగాయలంక నుంచి నడుచుకుంటూ వచ్చారు. చేతుల్లో అరటిపళ్ళ అత్తం, బిస్కట్ పొట్లాలు. ఒకడి మెడలో వాళ్ళన్నయ్యది అగ్ఫా కెమెరా. "గురూ, నల్లగా అయిపోయావేమిట్రా!" అని నలుగురూ నన్ను వాటేసుకున్నారు. నెల రోజులకు మనవాళ్ళ మొహాలు చూసేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మామ్మ లోపల్నుంచి వచ్చింది. వాళ్ళను చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళి, ఒక బిందె చంకన పెట్టుకుని, చెంబు పట్టుకుని వచ్చింది.

"కాళ్ళు కడుక్కోండి నాయనా, ఎండన పడి వచ్చారు," అంది.

వాళ్ళు కడుక్కున్నారు. తప్పు వాళ్ళది కాదు. మా ఊరి సంగతి మీకు తెలుసు. 1855 ఆనకట్ట, దాని తర్వాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. విజయవాడలో కాలువ దాటకుండా సినిమాకు కూడా వెళ్ళలేం. నీళ్ళంటే వాళ్ళకు ఉండేవే. మోకాళ్ళదాకా కడుక్కున్నారు. మొహాలు కడుక్కున్నారు. ఒకడు పుక్కిలించి ఉమ్మాడు. కెమెరావాడు హాయిగా ఉందంటూ రెండు చెంబులు మెడ మీద కుమ్మరించుకున్నాడు. బిందె అడుగు కనబడింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. "ఒరేయ్, ఇక్కడ నీళ్ళు కరువురా" అని. అనలేదు.

ఎందుకనలేదు? మొహమాటం అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మొహమాటం అనేది మనం మన తప్పులకు పెట్టుకునే మంచి పేరు. అసలు సంగతి వేరు. ఒక ఊరు ఊరంతా నన్ను ఎంత గౌరవంగా చూసుకుంటోందో నా స్నేహితులు చూడాలని నాకుంది. ఉద్యోగం లేదని నవ్విన వాళ్ళముందు ఒక ముసలావిడ బిందెతో నిలబడి నా పేర నీళ్ళు పోస్తోంది. అది నాకు బాగుంది. అదండీ నిజం.

తర్వాత వాళ్ళు ఊరు చూశారు. పడిపోయిన ఇళ్ళు చూశారు. మామ్మనూ మనవణ్ణీ పాక ముందు నిలబెట్టి ఫొటో తీశారు. నవ్వమని కూడా అన్నాడు, అలవాటు కొద్దీ. మామ్మ వండిన అన్నం తిని, హంసలదీవి సంగమం చూద్దామంటే దారి బాగాలేదన్నారని, పొద్దు వాలకముందే బస్సుకు వెళ్ళిపోయారు. పోతూ పోతూ పిల్లవాడి చేతిలో రెండు రూపాయలు పెట్టారు.

ఆ రాత్రి తాటాకు దడి అవతల నుంచి పిల్లవాడి గొంతు వినబడింది. "మామ్మా, దాహం." మామ్మ అంది, "పొద్దున్నే బండొస్తది, పడుకో నాయనా." కాసేపటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు.

నా చావడిలో సగం కూజా ఉంది. పట్టుకుని వెళ్ళాను. పిల్లవాడు తాగి పడుకున్నాడు. నేను మామ్మను కోప్పడ్డాను. తప్పు నాదైనప్పుడు కోపం ముందొస్తుంది.

"ఎందుకు పోశావు మామ్మా? నాతో ఒక్క మాటంటే వాళ్ళకు నేను చెప్పేవాణ్ణి కదా?"

"ఏం చెప్తావు? ఈ ఊళ్ళో కాళ్ళకి నీళ్ళు లేవని చెప్తావా?"

నేను మాట్లాడలేదు. ఆవిడే కాసేపటికి అంది. "నెల్రోజుల్నించీ చెయ్యి చాపుతానే ఉన్నాం. బియ్యానికి చాపాం, దుప్పటికి చాపాం, నీళ్ళకి చాపాం. నీ సావాసగాళ్ళొచ్చారు గాబట్టి ఇవ్వాళ ఒకళ్ళకి ఇచ్చాం. దానిక్కూడా గొడవేనా?"

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడ మాట తప్పనడానికి వీల్లేదు. పిల్లవాడి దాహమూ అబద్ధం కాదు. రెండూ ఒకే బిందెలో ఉన్నాయి.

ఈ విషయంలో మన శాస్త్రాలు నాకు సగమే సాయం చేశాయి. అతిథి దేవుడితో సమానమని ఉపనిషత్తు చెప్పింది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు అర్థం చెప్పారు. బాగానే ఉంది. అయితే ఆ మాటలన్నీ తన గుమ్మంలో తను నిలబడి ఉన్నవాడికి చెప్పినవి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటే బాటసారులకు వేళ కాని వేళల్లో కూడా అన్నం పెట్టారు. అది ఆ తల్లి ఇల్లు. ఆ గాదె ఆవిడది, ఆ పొయ్యి ఆవిడది, అర్ధరాత్రి లేచిన ఒళ్ళు ఆవిడది. నేను నిలబడింది మామ్మ గుమ్మంలో. అక్కడ నేనే ఒక చుట్టాన్ని. చుట్టం తన చుట్టాలను పిలిస్తే భారం ఎవరి మీద పడుతుంది?

సేవ చెయ్యడానికి వెళ్ళినవాడు ఈ ఒక్క సంగతి మరిచిపోతాడు. ఇవ్వడానికి వచ్చాను కాబట్టి ఇల్లు నాదే అనుకుంటాడు. తను ఇచ్చే బియ్యానికి చిట్టా ఉంటుంది. తను పుచ్చుకునే నీళ్ళకు, చోటుకు, గౌరవానికి చిట్టా ఉండదు. నేను ఐదు నెలలు రాసిన ఆ లావుపాటి పుస్తకంలో మామ్మ పోసిన బిందె ఎక్కడా లేదు.

భారతంలో బంగారు ముంగిస కథ గుర్తుందా? ధర్మరాజు అశ్వమేధం చేశాక, ఒళ్ళు సగం బంగారమైన ఒక ముంగిస వచ్చి, మీ యాగం ఒక పేదవాడి పేలపిండికి సాటి రాదు పొమ్మంటుంది. కరువుకాలంలో ఒక బ్రాహ్మడు, భార్య, కొడుకు, కోడలు నాలుగు భాగాలు చేసుకున్న పిండి దగ్గరికి అతిథి వస్తాడు. బ్రాహ్మడు తన భాగం పెట్టాడు. అతిథికి ఆకలి తీరలేదు. భార్య తన భాగం ఇవ్వమంటే బ్రాహ్మడు వెనకాడాడు. ఆవిడ పట్టుబట్టాకే ఇచ్చాడు. తర్వాత కొడుకు, తర్వాత కోడలు, అదే వరస. ఇంత చిన్న కథలో అంత తర్జనభర్జన ఎందుకని చిన్నప్పుడు విసుగ్గా ఉండేది. దివిసీమలో తెలిసింది. పక్కవాడి భాగాన్ని వాడి నోటితో వాడు ఇస్తానంటే తప్ప నువ్వు తీసి పెట్టకూడదు. ఆ కథకు బంగారం అక్కడుంది.

ఆ లెక్కన మామ్మ తన భాగం ఇచ్చింది. బంగారమే. ఆరేళ్ళ మనవడి భాగం వాణ్ణి అడక్కుండా ఇచ్చింది. అది ఆవిడా కొంచెం ఆలోచించుకోవలసిందే. నేనో, నాది కానిదాన్ని, నోరు విప్పకుండా, నా గొప్ప కోసం ఇప్పించాను. ఆ తడినేల మీద ముంగిస దొర్లితే మిగిలిన సగం బంగారమయ్యేదేమో గానీ, నేను దొర్లితే బురదే అంటేది.

మరి ఏం చెయ్యాలి? స్నేహితుల్ని రానివ్వకుండా ఉంటే మామ్మకు ఆ ఒక్క పూట ఇచ్చే భాగ్యం లేకుండా పోయేది. రానిచ్చి ఊరుకుంటే పిల్లవాడి దాహం. ఈ చిక్కు నేను విప్పలేదు. ఆ నలుగురిలో ఒకడు విప్పాడు.

అతను సంక్రాంతి దాటాక ఒక్కడే వచ్చాడు. నేను ఉత్తరంలో ఆ రాత్రి సంగతి రాశాను లెండి, నా గొప్ప సంగతి మాత్రం మినహాయించి. ఈసారి చేతిలో అరటిపళ్ళు లేవు. రెండు పాలక్యాన్ల నిండా కృష్ణ నీళ్ళు నింపుకుని, కండక్టరుతో తగాదా పడి బస్సెక్కించి, నాగాయలంక నుంచి కావిడి వేసుకుని మోసుకొచ్చాడు. మామ్మ మామూలుగానే చెంబుతో ఎదురొచ్చింది. వద్దనలేదతను. చెంబు పుచ్చుకున్నాడు. రెండు పాదాల మీదా నాలుగు చుక్కలు చల్లుకున్నాడు. మిగతాది గటగటా తాగేసి, "చల్లగా ఉన్నాయి మామ్మా" అన్నాడు. తర్వాత క్యాన్లు దించి, ఊరి చెరువు తోడుతున్న చోటికి వెళ్ళి పార అందుకున్నాడు. పదిహేను రోజులు ఉన్నాడు. మామ్మ అతన్ని పేరు పెట్టి తిట్టేదాకా వచ్చింది. ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద గౌరవం లేదు.

మిగిలిన ముగ్గురినీ చెడ్డవాళ్ళనుకోకండి. ఒకడు మనియార్డరు పంపాడు. ఒకడు పాత దుప్పట్లు పోగుచేసి పంపాడు. కెమెరావాడు ఫొటో పంపాడు. మామ్మ దగ్గర అంతకుముందు తనవాళ్ళ ఫొటో ఒక్కటీ మిగల్లేదు. అది పాకలో నిట్రాటకు మేకు కొట్టి తగిలించుకుంది. నేను నవ్వమన్నందుకు చిరాకు పడ్డానా, ఆ ఫొటోలో పిల్లవాడు నిజంగానే నవ్వుతున్నాడు.

ఇదంతా మా మనవరాలికి ఫోనులో చెప్పాను, ఈసారి ఏదీ మినహాయించకుండా. చెప్పి, "వాళ్ళను రమ్మను. కానీ బయల్దేరకముందే నీళ్ళ సంగతి, బకెట్టు ఎవరు మోస్తారన్న సంగతి రాయి. రాయడానికి సిగ్గుపడ్డావా, ఆ సిగ్గు ఖరీదు పక్కింటావిడ కడుతుంది," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "ఇక్కడ దీనికో సామెత ఉంది చిన్నతాతయ్యా," అంది. అతిథికి రెండు రోజులు మర్యాద చెయ్యి, మూడో రోజు చేతికి గుద్దలి ఇవ్వు అని స్వాహిలీలో అంటారట. వాళ్ళ దేశనాయకుడు జూలియస్ నైరేరే 1962లో రాసిన వ్యాసంలో ఈ సామెత ఎత్తుకుని, నిజానికి వచ్చినవాడు మూడో రోజుదాకా ఆగకుండా తనే గుద్దలి అడిగేవాడని కూడా అన్నాడట. అతిథినీ కొత్తవాణ్ణీ పిలవడానికి ఆ భాషలో ఒకటే మాటట, మ్‌గేని. గుద్దలి పట్టుకున్నాక ఆ రెండర్థాలూ పోయి మనిషి మిగులుతాడు కాబోలు.

నాకు మరో సంగతి తోచింది. ఆఫ్రికా పల్లెలకు ఇలా వెళ్ళే ఆచారం కొత్తది కాదు. అమెరికా వాళ్ళ పీస్ కోర్ 1961లో మొదటిసారి మనుషుల్ని పంపింది ఘనాకు, అప్పటి టాంగన్యికాకు. అప్పటినుంచి ఎంతమంది కుర్రకారు, ఎన్ని గుమ్మాల ముందు, ఎవరు మోసుకొచ్చిన నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నారో! చేసిన సేవకు నివేదికలు రాసి ఉంటారు. ఆ నీళ్ళు ఎవరి చిట్టాలో రాశారు?

స్నేహితులు వచ్చి వెళ్ళాక మా పిల్ల మళ్ళీ ఫోను చేసింది. ముగ్గురూ మొదటి రోజు నుంచే బకెట్లు పట్టారట. నెత్తిన పెట్టుకోవడం చేతకాక, దారి పొడుగునా ఒలకబోసుకుంటూ సగం బకెట్టుతో ఇల్లు చేరేవాళ్ళట. ఊరంతా గుమ్మాల్లో నిలబడి నవ్విందట. నాలుగో రోజుకు కాస్త కుదిరిందట. పక్కింటావిడ ఆ వారం నీళ్ళకు వెళ్ళలేదు.

"కోడి సంగతేమైంది?" అని మా ఆవిడ పక్కనుంచి అడిగింది.

"తిన్నారు చిన్నమామ్మా. వద్దంటే ఆవిడ ఒప్పుకోలేదు."

"మరి తినక? అంత ప్రేమగా పెడితే!" అంది మా ఆవిడ. తర్వాత ఫోను నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళబోతూ ఆగి, "ఇంతకీ ఆ మామ్మ మనవడు ఇప్పుడెక్కడున్నాడండీ?" అని నన్నడిగింది.

అవనిగడ్డలో ఉన్నాడు. తనకే మనవలు పుట్టారు. ఏడాదికోసారి నేను వెళ్తుంటాను. ఇంట్లో కుళాయి ఉంది. అయినా నేను గుమ్మంలో చెప్పులు విడవగానే అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తుంది. నాలుగు చుక్కలు కాళ్ళ మీద చల్లుకుని, మిగతాది తాగేస్తాను. పట్నం మనిషికి కాళ్ళు కడుక్కోవడం కూడా రాదని వాళ్ళ మనవలు నవ్వుతారు. నవ్వనిస్తాను.